వెరోనాలో కోట, మాడిసన్‌లో బేస్‌మెంట్

షికాగో పక్కన ఉండే తెలుగువాళ్ళం విస్కాన్సిన్ వెళ్తున్నామంటే చాలు, ‘డెల్స్‌కా?’ అని అడుగుతారు. పిల్లలకి వాటర్ పార్కులు, పెద్దవాళ్ళకి హోటల్ గదిలో పులిహోర, పేకముక్కలు. మేమూ నాలుగైదుసార్లు అలాగే వెళ్ళొచ్చాం. ఈ అక్టోబరులో మాత్రం డెల్స్ దాకా పోకుండా మాడిసన్ దగ్గరే పడమటికి తిరిగి, వెరోనా అనే చిన్న ఊరికి వెళ్ళాం. నేనూ, పదకొండేళ్ళ మా చిన్నదీ.

మా అక్క కూతురు బుజ్జి అక్కడ ఎపిక్ అనే కంపెనీలో మూడేళ్ళుగా పనిచేస్తోంది. ఆ పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు గానీ, దాని పని మీ ఫోన్లో ఉండే ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన రాత్రి మనం తెరిచి చూసుకునే మైచార్ట్ వాళ్ళదే. నా థైరాయిడ్ రిపోర్టు, మా అత్తగారి షుగర్ రిపోర్టు, చిన్నదాని టీకాల లెక్క అన్నీ అందులోనే. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ‘మావాడు ఎపిక్ అనలిస్టు’ అన్న మాట కూడా మామూలైపోయింది. ఆ కంపెనీని ఒక ఆడమనిషి మొదలుపెట్టిందని, ఎనభై దాటినా ఆవిడే సీఈవోగా ఉందని మాత్రం బుజ్జి చెప్పేదాకా నాకూ తెలియదు.

వెళ్ళడానికి అసలు కారణం వేరే ఉంది. ఆదివారం సాయంత్రంలోగా నేనొక పెద్దాయనకి జవాబు చెప్పాలి. ఇంట్లో ఉంటే బుర్ర పనిచేయడం లేదు.

సంగతేమిటంటే, నేను గుంటూరులో ఎమ్‌సీఏ చదివి, హైదరాబాదులో మూడేళ్ళు ప్రోగ్రామింగ్ చేసి, పెళ్ళయ్యాక 2007లో హెచ్4 మీద ఇక్కడికి వచ్చాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఉద్యోగం లేదు. 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి పని అనుమతి ఇవ్వడం మొదలుపెట్టాక టెస్టింగ్‌లో ఓ కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. 2020లో కోవిడ్ వచ్చి పిల్లల కూచిపూడి క్లాసులు జూమ్ మీదకి మారినప్పుడు, చిన్నదాని గురువుగారికి ఎవరు క్లాసుకొచ్చారో, ఎవరు ఫీజు కట్టారో తెలియక నోటుపుస్తకం నిండా కొట్టివేతలే. చూడలేక ఆవిడకో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. ఆవిడ ఇంకో ఆవిడకి చెప్పారు. అలా నోటిమాట మీద ఇప్పుడు ఇరవై మూడు డాన్సు, సంగీతం స్కూళ్ళు నెలకి ముప్ఫై డాలర్లు కట్టి దాన్ని వాడుతున్నాయి.

మా తెలుగు సంఘంలో అందరూ గౌరవించే ఒకాయన దీని గురించి విని, లక్షన్నర డాలర్లు పెట్టుబడి పెడతానన్నారు. బదులుగా ముప్ఫై అయిదు శాతం వాటా. నేను ఉద్యోగం మానేయాలి. కరాటే, జిమ్నాస్టిక్స్, ట్యూషన్ సెంటర్లు అన్నీ పట్టుకుని రెండేళ్ళలో అయిదొందల స్కూళ్ళకి చేరాలి. నెలకి ముప్ఫై కాదు, డెబ్భై అయిదు వసూలు చేయాలి. ఆయన చెడ్డమాటేమీ అనలేదు. ‘నీకు తెలివుందమ్మా, కానీ నలభై మూడొచ్చాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?’ అన్నారు. మావారు తీసుకోమన్నారు. నాకేమో రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

అదీ సంగతి. శుక్రవారం చిన్నదానికి స్కూలు సెలవు. గోంగూర పచ్చడి సీసా, కందిపొడి, నాలుగు సున్నుండలు సర్దుకుని పొద్దున్న ఆరున్నరకి బయల్దేరాం.

నేపర్‌విల్ నుంచి వెరోనాకి దాదాపు రెండున్నర గంటల దారి. రాక్‌ఫర్డ్ దాటి, బెలాయిట్ దగ్గర సరిహద్దు దాటగానే నేల కొంచెం కొంచెంగా ఎత్తుపల్లాలు పోతుంది. మొక్కజొన్న కోతలవుతున్న చేలు, ఎర్ర రంగు కొట్టాలు, పక్కనే గుండ్రటి పొడుగాటి గాదెలు, హైవే పక్క జున్ను దుకాణాల బోర్డులు. మేపుల్ చెట్లు పసుపూ కుంకాలు కలిపినట్టున్నాయి. చిన్నది ఆవుల్ని లెక్కపెట్టి డెబ్భై దగ్గర విసిగి నిద్రపోయింది.

వెరోనా మన మండల కేంద్రమంత ఊరు. 2020 జనాభా లెక్కల్లో 14 వేల మంది. ‘హోమ్‌టౌన్ యూఎస్ఏ’ అని తమ ఊరికి తామే పెట్టుకున్న ముద్దుపేరు. ఒక ముఖ్యవీధి, చర్చీలు, పాత ఇటుక ఇళ్ళు. ఇక్కడ అంత పెద్ద కంపెనీ ఏమిటా అనుకుంటుండగానే, ఊరి పడమటి అంచున పొలాల మధ్య ఎవరో కథలపుస్తకంలోంచి చించి పెట్టినట్టు కోట బురుజులు కనిపించాయి.

ఎపిక్ క్యాంపస్ వెయ్యి ఎకరాలకు పైన ఉంటుంది. ఇంతలేసి కార్లు ఎక్కడున్నాయా అని చూస్తే అన్నీ నేల కింద. పైన గడ్డి, చెట్లు చెడిపోకుండా పార్కింగును భూగర్భంలో పెట్టారట. భవనాలు వెచ్చగా, చల్లగా ఉండటానికి కూడా భూమిలోపలి ఉష్ణోగ్రతనే వాడుకుంటారు. వేల బోర్లు తవ్వి గొట్టాల్లో నీళ్ళు తిప్పుతారని బుజ్జి చెప్పింది. మన వైపు నీళ్ళు పడక బోరు మీద బోరు వేసిన రైతుని చూసి పెరిగినదాన్ని కదా, ‘అన్ని బోర్లా?’ అని నోరెళ్ళబెట్టాను.

లోపల ఒక్కో భవనం ఒక్కో కథ. ఒకటి పల్లెటూరి కొట్టంలా ఉంటుంది. ఒకటి చుట్టూ కందకమున్న కోట. ఒకటి ఆలిస్ కుందేలు వెనక దూరిపోయిన ఆ వింతలోకం. హ్యారీ పాటర్ చదివిన పిల్లలకి మాంత్రికుల బడిలా కట్టిన భవనాలు వేరే, అక్కడ భోజనశాల పేరు కింగ్స్ క్రాస్. చెట్టుమీద ఇల్లు కట్టి దాన్ని మీటింగు గది చేశారు. మా చిన్నది పరిగెత్తని చోటు లేదు. ‘అమ్మా, వీళ్ళు నిజంగా ఇక్కడ పనిచేస్తారా, ఆడుకుంటారా?’ అని దాని అనుమానం. ‘పని చాలానే చేస్తాం చిట్టీ, ఆసుపత్రిలో సిస్టం ఆగిపోతే అర్ధరాత్రయినా లేవాలి’ అంది బుజ్జి.

అన్నిటికన్నా నాకు నచ్చింది డీప్ స్పేస్ అనే సభాశాల. 2013లో కట్టారు. కొండవాలులో చాలాభాగం భూమిలోపలే ఉంటుంది. 11,400 మంది కూర్చోవచ్చు. వెరోనా ఊరు ఊరంతా వచ్చినా ఇంచుమించు సరిపోతుందన్నమాట. కంపెనీలో పనిచేసేవాళ్ళూ 14 వేలమంది దాకా ఉన్నారు, ఊరి జనమంత. ఏటా ఆగస్టులో దేశం నలుమూలలనుంచి ఆసుపత్రులవాళ్ళు ఇక్కడికి వస్తారు. అప్పుడు ఆ కంపెనీ అధిపతి జూడీ ఫాక్‌నర్ ఆ ఏటి ఇతివృత్తానికి తగ్గ వేషం కట్టుకుని వేదికెక్కుతుందట. ఎనభై దాటిన ఆవిడ, వందల కోట్ల డాలర్ల వ్యాపారం, రెక్కలూ ఈకలూ పెట్టుకుని నిలబడుతుందంటే నాకు మా ఊరి తిరునాళ్ళలో పగటివేషాలు గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర బుజ్జి ఒక సంగతి చెప్పింది. ఆ కంపెనీలో పది ఆజ్ఞలని ఒక జాబితా ఉందట. కాఫీ గదుల్లో, ఆఖరికి బాత్రూముల్లో కూడా అంటించి ఉంటుంది. మొదటిది: షేర్ మార్కెట్‌కి వెళ్ళొద్దు. రెండోది: కంపెనీని ఎవరికీ అమ్మొద్దు. మాట ఇస్తే నిలబెట్టుకో, పొదుపుగా ఉండు అనేవి కూడా ఉన్నాయి. కందకమున్న కోట పక్కన పొదుపు ఆజ్ఞ చదివి నవ్వాపుకోలేకపోయాను. మొదటి రెండిటి దగ్గర మాత్రం నా నవ్వు ఆగిపోయింది. ఆదివారం సాయంత్రం గుర్తొచ్చింది.

‘బుజ్జీ, ఆవిడ బయట డబ్బు అసలు తీసుకోలేదా?’

‘వెంచర్ క్యాపిటల్ వాళ్ళ దగ్గర పైసా తీసుకోలేదు పిన్నీ. ఎందుకడుగుతున్నావు?’

ఆ రాత్రి దాని అపార్ట్‌మెంట్లో, గోంగూర కలుపుకుని తింటూ, జూడీ కథ మొత్తం చెప్పించుకున్నాను. తర్వాత నేనూ కొంత చదివాను.

జూడీ 1943లో న్యూజెర్సీలో పుట్టింది. తండ్రి మందుల షాపు నడిపే ఫార్మసిస్టు. తల్లి శాంతి ఉద్యమాల్లో తిరిగిన మనిషి. డికిన్సన్ కాలేజీలో గణితం చదివి 1965లో డిగ్రీ తీసుకుంది. ఒక వేసవి రోచెస్టర్ యూనివర్సిటీలో పనికి చేరి, ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషని సొంతంగా నేర్చుకుంది. అది నచ్చి, మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సులో చేరింది. అప్పటికి ఆ సబ్జెక్టే కొత్త, అందులో ఆడపిల్లలు మరీ అరుదు.

అక్కడ వార్నర్ స్లాక్ అనే డాక్టరు వైద్యంలో కంప్యూటర్ల వాడకం గురించి పాఠం చెప్పేవాడు. వైద్యంలో మనం వాడుకోని పెద్ద వనరు రోగే అన్నది ఆయన సిద్ధాంతం. అందరూ రోగం గురించి మాట్లాడతారు, రోగిని అడగరు అని ఆయన బాధ. నలభై యాభై ఏళ్ళ తర్వాత మన రిపోర్టు మన ఫోన్లో మనమే చదువుకుంటున్నామంటే దాని వేరు ఆ తరగతి గదిలో ఉంది.

ఆ యూనివర్సిటీ డాక్టర్లు జూడీని ఒక పని అడిగారు. రోగి ఎన్నిసార్లు వచ్చినా, ఎన్నేళ్ళ తర్వాత వచ్చినా, పాత వివరాలన్నీ వరుసగా దొరికేలా ఒక సిస్టం చేసిపెట్టమని. ఆవిడ రాసింది. రాసిన భాష పేరు మంప్స్. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో పుట్టిన భాష అది. ‘అంటే గవదబిళ్ళలా?’ అన్నాను. బుజ్జికి ఆ తెలుగు మాట తెలియదు. బుగ్గలు పొంగించి చూపిస్తే నవ్వుతూ పీట మీంచి పడబోయింది. ఆ గవదబిళ్ళల భాష సంతతే ఇప్పటికీ ఎపిక్ అడుగున నడుస్తోందట.

ఒక విభాగం చూసి ఇంకో విభాగం, ఒక ఊరి డాక్టరు చూసి ఇంకో ఊరి డాక్టరు, మాకూ కావాలన్నారు. అప్పటికి ఆవిడకి పెళ్ళయింది. భర్త పిల్లల డాక్టరు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు. 1979లో, ముప్ఫై అయిదో ముప్ఫై ఆరో ఏట, మాడిసన్ యూనివర్సిటీ ఎవెన్యూలో ఒక భవనం బేస్‌మెంట్‌లో ఆవిడ కంపెనీ పెట్టింది. పెట్టుబడి 70 వేల డాలర్లు. పేరు హ్యూమన్ సర్వీసెస్ కంప్యూటింగ్. ఎపిక్ అన్న పేరు తర్వాత వచ్చింది. మొదట్లో ఉద్యోగులు ఎంతమందో తెలుసా? ఒకటిన్నర. కంపెనీవాళ్ళే అలా చెప్పుకుంటారు. అంటే ఒకరు పూర్తిగా, ఒకరు సగం రోజు.

ఇక్కడే నేను తినడం ఆపి విన్నాను. మన సంఘాల విందుల్లో ‘ఫండింగ్ వచ్చిందట’, ‘వాళ్ళది పబ్లిక్‌కి వెళ్తోందట’ అని చెప్పుకుంటాం కదా, ఆవిడ కథలో ఆ ఘట్టాలే లేవు. 1992లో డాక్టర్లు గదిలోనే కంప్యూటర్ మీద రోగి వివరాలు రాసుకునే ఎపిక్‌కేర్ వచ్చింది. అప్పటికే పదమూడేళ్ళు. 2000లో మైచార్ట్. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళు. 2003లో కైజర్ పర్మనెంటే అనే పెద్ద ఆసుపత్రుల వ్యవస్థ వాళ్ళని ఎంచుకుంది. అప్పుడు గానీ లోకం తిరిగి చూడలేదు. 2005లో మాడిసన్ నుంచి వెరోనా పొలాల్లోకి మారారు. 2009లో ప్రభుత్వం చట్టం చేసి, కాగితాలు మాని కంప్యూటర్ రికార్డులకి మారే డాక్టర్లకి ప్రోత్సాహకాలిచ్చింది. ఆ గాలి వచ్చేసరికి ముప్ఫై ఏళ్ళుగా తూర్పారబట్టడానికి గింజలు సిద్ధంగా ఉన్నది వీళ్ళ కళ్ళంలోనే. ఇప్పుడు 30 కోట్లకు పైగా మనుషుల ఆరోగ్య వివరాలు తమ సిస్టంలలో ఉన్నాయని కంపెనీ చెబుతుంది. ఇన్నేళ్ళలోనూ సీఈవో ఒక్కరే.

అయితే బుజ్జి ఇంకో కథ కూడా చెప్పింది, అది న్యాయమే. అదే 1979లో కాన్సస్ సిటీలో ముగ్గురు స్నేహితులు పార్కులో ఒక బల్ల దగ్గర కూర్చుని ఇలాంటి పనికే ఇంకో కంపెనీ తలపెట్టారు. అదే సెర్నర్. వాళ్ళు 1986లో షేర్ మార్కెట్‌కి వెళ్ళారు. బాగా పెరిగారు, ఎంతోమంది తెలుగువాళ్ళకి కూడా ఉద్యోగాలిచ్చారు. 2022లో ఒరాకిల్ దాన్ని దాదాపు 28 బిలియన్ డాలర్లకి కొనుక్కుంది. ‘ఆ దారి తప్పని ఎవరంటారు పిన్నీ? డబ్బు వచ్చింది, పని జరిగింది. కాకపోతే సెర్నర్ ఇప్పుడు సెర్నర్‌ది కాదు’ అంది. ఇరవై ఏడేళ్ళ పిల్ల నోట ఆ మాట విని, మా అక్క పెంపకం మంచిదే అనుకున్నాను.

ఎపిక్ మీద ఫిర్యాదులు లేవని కాదు. రోగి మొహం చూడాల్సిన టైములో తెర చూడాల్సి వస్తోందని, నొక్కినచోటే నొక్కాల్సి వస్తోందని డాక్టర్లు విసుక్కుంటారు. మా ఫ్యామిలీ డాక్టరు కూడా నాకు వీపు పెట్టే మాట్లాడుతుంది. ఇంత పెద్దదై చిన్నవాళ్ళకి చోటివ్వడం లేదని ఒక చిన్న కంపెనీ 2024లో పోటీ చట్టాల కింద కోర్టుకి వెళ్ళింది. ఒకే మనిషి చేతిలో ఇంత పెద్ద వ్యవస్థ ఉండటం మంచిదేనా అనే ప్రశ్న కూడా ఉంది. కొన్న వాళ్ళెవరికీ తల వంచక్కర్లేనివాళ్ళు ఎవరి మాటా వినక్కర్లేదనుకునే ప్రమాదమూ ఉంటుంది మరి. అన్నీ విన్నాకే నిద్రపోయాను. రెండు వారాల తర్వాత మొదటిసారి తెల్లారేదాకా పట్టింది నిద్ర.

శనివారం మాడిసన్ వెళ్ళాం. వెరోనా నుంచి అరగంట కూడా పట్టదు. రెండు పెద్ద చెరువుల మధ్య సన్నటి నేలమీద ఊరు, నడుమ తెల్లటి రాష్ట్ర సభాభవనం. నవంబరు దాకా శనివారాలు ఆ భవనం చుట్టూ రైతుల సంత జరుగుతుంది. రైతుబజారే, కాకపోతే జున్నుగడ్డలు ఎక్కువ. పచ్చి జున్ను ముక్కలు పంటికింద కిచకిచమంటాయి. చిన్నది ఎలకలా తింది. ఆపిల్సు, గుమ్మడికాయలు, మన పెరట్లో కాసినట్టే ఉన్న వంకాయలు కొన్నాం. అక్కణ్ణుంచి యూనివర్సిటీ వాళ్ళు సొంత పాలతో చేసే బాబ్‌కాక్ ఐస్‌క్రీం కొనుక్కుని, మెండోటా చెరువుగట్టున ఆ రంగురంగుల సూర్యుడి కుర్చీల్లో కూర్చున్నాం. చలిగాలి, చేతిలో ఐస్‌క్రీం. మా అమ్మ చూస్తే తిట్టేది.

తిరిగొచ్చేటప్పుడు యూనివర్సిటీ ఎవెన్యూ మీదుగా పోనిమ్మన్నాను. బుజ్జి కారు నెమ్మది చేసి, మొదటి బేస్‌మెంట్ ఈ వీధిలోనే ఉండేదట అని చూపించింది. నాకు ఏ బోర్డూ కంటపడలేదు. బస్సు స్టాపు, వీపున బ్యాగులతో విద్యార్థులు, అద్దె ఇళ్ళు. నిన్న చూసిన కోట కన్నా ఈ వీధే నా మనసులో ఎక్కువసేపు నిలిచింది. కోటని చూస్తే అబ్బ అనుకుంటాం, అంతే, అది మనది కాదు. బేస్‌మెంట్ మనకి కూడా ఉంది. మా ఇంట్లో బేస్‌మెంట్ నిండా బొమ్మల కొలువు పెట్టెలు, బియ్యం బస్తాలు, పాత ట్రెడ్‌మిల్లు, మూలగా నా లాప్‌టాప్.

ఆ వీధిలో నాకు తోచింది ఒక్కటే. ఆవిడ మొదటి పదేళ్ళు ఎంత పెద్దవాళ్ళమవుదామా అని చూసినట్టు లేదు. డాక్టరు అడిగింది పనిచేస్తోందా లేదా అని చూసుకుంది. డబ్బు పెట్టినవాళ్ళెవరూ తొందర పెట్టలేదు కాబట్టి పదమూడేళ్ళు, ఇరవై ఒక్కేళ్ళు ఆగగలిగింది. బయటి డబ్బు వద్దనుకుని ఆవిడ కొనుక్కున్నది కాలం. నాకు లక్షన్నర ఇస్తానన్నాయన నా దగ్గర తీసుకునేదీ అదే. నెలకి డెబ్భై అయిదు చేస్తే మా గురువుగారు కట్టలేరు. ఇంట్లో పన్నెండు మంది పిల్లలకి నేర్పుకునే సంగీతం టీచర్లు అసలే కట్టలేరు. ఎవరికోసం రాశానో వాళ్ళే దాన్ని వదిలేసిపోయాక, అయిదొందల కరాటే స్కూళ్ళున్నా అది నాది ఎలా అవుతుంది?

ఆవిడకీ నాకూ పోలికా అంటారేమో. నిజమే. ఆవిడ భర్త డాక్టరు, చేతిలో మంచి యూనివర్సిటీ డిగ్రీ, వీసా బెంగ లేదు. మనలో ఎంతమందికి ప్రాణం లాంటి ఏళ్ళు ఓ స్టాంపు కోసం ఎదురుచూడటంలో పోయాయో మనకే తెలుసు. మనవాళ్ళు గొప్పగా చెప్పుకునే కథలు కూడా వేరు. సత్య నాదెళ్ళ 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి 2014లో సీఈవో అయ్యారు. శంతను నారాయణ్ 2007లో అడోబీకి సీఈవో అయ్యారు. హైదరాబాదు నుంచి వచ్చి ఆ మెట్లెక్కడం చిన్న విషయం కాదు, గర్వపడాల్సిందే. అయితే అవి ఉన్న మేడ ఎక్కిన కథలు. ముగ్గురు పిల్లల తల్లి ముప్ఫై అయిదు దాటాక పునాది తవ్విన కథ మన పిల్లలకి ఎవరూ చెప్పడం లేదు. కాబట్టే నలభై మూడు అనగానే నాకు నేనే ముసలిదాన్నైపోయాను.

జూడీ గురించి ఇంకో ముచ్చట. పిల్లలు చిన్నప్పుడు, అమ్మానాన్నల దగ్గర మీకు కావాల్సిన రెండూ ఏమిటని అడిగిందట. తిండి, డబ్బు అన్నారట వాళ్ళు. కాదు, వేర్లు, రెక్కలు అని చెప్పిందట. 2015లో తన ఆస్తిలో 99 శాతం దానధర్మాలకే అని మాట ఇస్తూ రాసిన ఉత్తరంలో ఆవిడే ఇది చెప్పుకుంది. తన తర్వాత కూడా కంపెనీని అమ్మకుండా ఉండేలా ట్రస్టు ఏర్పాటు చేసింది. మావారు ఇది విని, ‘వేర్లు, రెక్కలు సరే, మార్ట్‌గేజ్ సంగతేంటి?’ అన్నారు. ఆయన మాట కూడా నిజమే. అందుకే నేను ఉద్యోగం మానలేదు.

ఆదివారం సాయంత్రం ఆ పెద్దాయనకి ఫోన్ చేశాను. చెయ్యి వణికిన మాట వాస్తవం. ‘బాబాయి గారూ, మీరు నా మీద పెట్టిన నమ్మకం మర్చిపోను. కానీ ఇప్పుడు వద్దండీ’ అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, ‘అవకాశం మళ్ళీ తలుపు తట్టదమ్మా’ అన్నారు. కోపంగా కాదు, బాధగానే అన్నారు. ఆయన అన్నదే నిజమవుతుందేమో కూడా. అయిదేళ్ళ తర్వాత ఇంకెవరో ఇదే పని పెద్దగా చేసి, నా ఇరవై మూడు స్కూళ్ళనీ పట్టుకుపోవచ్చు. ఆ సంగతి తెలిసే వద్దన్నాను.

మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు బేస్‌మెంట్‌లోంచి ట్రెడ్‌మిల్లు తీసేసి, పాత డైనింగ్ టేబుల్ కిందకి దించారు. నేను ఆయన్ని అడిగింది రెండే: ఆ గది, వారంలో రెండు సాయంత్రాలు. మంగళ, గురువారాలు వంట, పిల్లల చదువు ఆయనవి. మొదటి మంగళవారం ఉప్మా అడుగంటింది. చిన్నది మాట్లాడకుండా తినేసింది, దానికి సంగతి తెలుసు.

మా సబ్‌డివిజన్లో ఒకమ్మాయికి ఈ మధ్యే పని అనుమతి కార్డు వచ్చింది. ఆరేళ్ళుగా ఇంట్లోనే ఉంది. వరంగల్లులో ఇంజనీరింగ్ చేసింది. ‘నాకన్నీ మర్చిపోయాయక్కా’ అంటుంది గానీ కూర్చుంటే వేళ్ళకి గుర్తొస్తున్నాయి. వారానికి పదిహేను గంటలు వస్తోంది. స్కూళ్ళ నుంచి వచ్చిన డబ్బులోంచే తన జీతం. అంటే ఇప్పుడు మాదీ ఒకటిన్నర మనుషుల కంపెనీ. నాకు మిగతా ఉద్యోగం ఉంది కాబట్టి, నిక్కచ్చిగా లెక్కేస్తే ఒకటి కూడా కాదేమో.

మీరూ ఎప్పుడైనా డెల్స్ వెళ్తుంటే, మాడిసన్‌లో ఒక రోజు ఆగండి. శనివారం అయితే సంత చూడొచ్చు. వెరోనాలో ఆ క్యాంపస్ చూడాలంటే మాత్రం తెలిసినవాళ్ళని ముందే కనుక్కుని వెళ్ళండి. నడక ఎక్కువ, మంచి బూట్లు వేసుకోండి, పిల్లలకి అయితే ఒక పూట చాలదు. తిరిగొచ్చేటప్పుడు యూనివర్సిటీ ఎవెన్యూ మీదుగా ఒకసారి నెమ్మదిగా రండి. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. నాకైతే ఆ వీధే బాగుంది.